పేరు తెలియని తునకకు పేరు పెట్టడం: అపోక్రిఫా వ్రాతప్రతుల శకలాలను గుర్తించే పద్ధతి

జర్మనీలోని హాంబుర్గ్ రాష్ట్ర, విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో 1011 అనే సంఖ్య వేసిన పపైరస్ (రెల్లు వంటి మొక్క నారలతో చేసిన ప్రాచీన రాతపత్రం) తునక ఒకటి ఏళ్ల తరబడి ఎవరి దృష్టికీ రాకుండా ఉండిపోయింది. దాని కొలత సుమారు 11 సెంటీమీటర్లు, 5 సెంటీమీటర్లు. అందులో 13 పంక్తులు, పంక్తికి పదేసి గ్రీకు అక్షరాలు. చేతిరాత చూస్తే అలవాటు లేని చేయి రాసినట్టు వంకరటింకరగా ఉండడంతో, ఎవరో రాసుకున్న సొంత ఉత్తరమో సరుకుల చీటీయో అయి ఉంటుందని పక్కన పెట్టారు. 2024లో లాయోష్ బెర్కెష్, గాబ్రియెల్ నోకీ మాసెదో అనే ఇద్దరు పరిశోధకులు అందులో ‘యేసు’ అనే పేరును పోల్చుకొని, మిగిలిన అక్షరాలను ఇతర పపైరస్‌లతో సరిచూస్తూ ఒక్కొక్కటిగా విప్పుకుంటూ పోగా, అది బాలయేసు మట్టితో పిచ్చుకలు చేసి ప్రాణం పోసిన కథ అని, అంటే తోమా పేరిట వ్యాప్తిలో ఉన్న బాల్యసువార్త అని తేలింది. నాలుగు, ఐదు శతాబ్దాల నాటి ఆ తునకే ఇప్పుడు ఆ గ్రంథానికి మనకు తెలిసిన అతి ప్రాచీన ప్రతి. అంతవరకు తెలిసిన గ్రీకు ప్రతుల్లో పాతది 11వ శతాబ్దానిది.

ఇటువంటి పని ఎలా చేయాలో, గ్రీకు, హీబ్రూ, కోప్టిక్ (ఈజిప్టు క్రైస్తవుల పాత భాష) లిపుల్లో ఏదో ఒకటి కూడబలుక్కొని చదవగలిగినంత వచ్చిన వేదాంత విద్యార్థులను, చరిత్ర విద్యార్థులను ఉద్దేశించి ఇక్కడ వివరిస్తున్నాను. అసలు తునక మీ చేతిలో ఉండనక్కరలేదు. పెద్ద గ్రంథాలయాలు తమ సేకరణల ఛాయాచిత్రాలను ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉంచాయి; వాటిలో ‘గుర్తు తెలియనిది’ అన్న మాటతో సరిపెట్టినవి ఇంకా చాలా ఉన్నాయి. అపోక్రిఫా అంటే బైబిలులో భాగంగా అందరూ అంగీకరించని ప్రాచీన మతరచనలు; ఆ మాటను విశాలమైన అర్థంలో వాడుతున్నాను. హనోకు గ్రంథం, జూబిలీల గ్రంథం వంటి యూదు రచనలు, తోమా, పేతురు, మరియ పేర్లతో ఉన్న సువార్తలు, అపొస్తలుల కథలు, ప్రకటన గ్రంథాలు ఇందులోకి వస్తాయి. ప్రొటెస్టెంట్ బైబిలులో లేకపోయినా కతోలిక బైబిలులో ఉన్న తోబీతు, సీరా కుమారుని జ్ఞానగ్రంథం వంటివీ వస్తాయి. వీటిని తెలుగు కతోలిక బైబిలులో ముందుగా ఒకసారి చదివి ఉంచుకుంటే కథ, పాత్రల పేర్లు మనసులో ఉంటాయి.

ఒక హెచ్చరిక మొదటే చెప్పడం మంచిది. ఈ పనిలో అందరూ చేసే పొరపాటు, రెండు మూడు మాటల పోలిక కనబడగానే గ్రంథం పేరు పెట్టేయడం. పోలిక ఎక్కడ వెతకాలో చెబుతుంది, అంతవరకే. ఊహించిన పాఠం ఆ తునక మీద పంక్తి పొడవుతో సహా, వెనకవైపుతో సహా పట్టినప్పుడే పేరు నిలబడుతుంది. దిగువ చెప్పే మెట్లన్నీ ఆ పరీక్షకు సామగ్రి సమకూర్చుకోవడానికే.

ముందు పుట్టుపూర్వోత్తరాలు

తునకలో ఏముందో చూడడానికి ముందు అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. ఈజిప్టులోని ఆక్సిరింకస్ చెత్తదిబ్బల్లో గ్రెన్‌ఫెల్, హంట్ అనే బ్రిటిష్ పండితులు 1896–97 నుంచి తవ్వి తీసినవాటికి, మృతసముద్రం ఒడ్డున కుమ్రాన్ గుహల్లో దొరికినవాటికి, కైరో యూదు ప్రార్థనామందిరపు గెనీజా (పాడైన పాత రాతలను దాచే గది) నుంచి కేంబ్రిడ్జికి చేరినవాటికి కొంతైనా చరిత్ర ఉంది. ఏ సంవత్సరం, ఎవరి దగ్గర కొన్నారు, ఏ పెట్టెలో ఏ తునకల పక్కన ఉంది అనే వివరాలు గ్రంథాలయపు జాబితాలో దొరుకుతాయి. పక్కనున్న తునకలు కూడా సాక్ష్యమే కాబట్టి వాటి సంఖ్యలు కూడా రాసిపెట్టుకోండి. సాంస్కృతిక సంపద అక్రమ రవాణాపై 1970 నాటి యునెస్కో ఒప్పందం, ఈజిప్టు 1983లో తెచ్చిన 117వ నంబరు చట్టం తరువాత బజారులోకి వచ్చి, కాగితాలేమీ లేని తునకను గుర్తించి పెట్టడమంటే దొంగసరుకుకు ధర పెంచి పెట్టడమే. వాట్సాప్‌లో తిరిగే ‘రహస్య సువార్త’ ఫొటోల విషయంలో ఈ మెట్టు దగ్గరే ఆగిపోవచ్చు.

నకిలీల సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. వాషింగ్టన్‌లోని మ్యూజియం ఆఫ్ ద బైబిల్ తన దగ్గరున్న 16 మృతసముద్ర శకలాలూ ఆధునిక నకిలీలేనని 2020లో ప్రకటించింది. తోలు పాతదే, కానీ దాన్ని పెద్దదిగా చేసి చూస్తే సిరా పాత పగుళ్లలోకి పారి నిలిచి ఉంది. పగులు రాతకంటె ముందు ఏర్పడిందంటే రాసినవాడు మనకాలపువాడే. 2012లో బయటపడి సంచలనం రేపిన ‘యేసు భార్య సువార్త’ అనే కోప్టిక్ తునక విషయంలోనూ పపైరస్ పాతదని పరీక్షల్లో తేలింది, అయినా నకిలీ బయటపడింది. దానిలోని మాటలు దాదాపు అన్నీ తోమా సువార్త (యేసు వాక్యాల సంపుటి, పైన చెప్పిన బాల్యసువార్త కాదు) నుంచి అతుకులు వేసినవి. పైగా ఇంటర్నెట్‌లో ఉన్న ఒక తోమా సువార్త పాఠంలో పడిన అచ్చుతప్పు ఇందులోనూ కనిపించింది. అందుచేత మీ తునక తెలిసిన గ్రంథంతో అక్షరం పొల్లుపోకుండా, అదీ ఒక అచ్చు సంచికలోని పంక్తి విరుపులతో సహా సరిపోతుంటే సంతోషించకండి, అనుమానించండి.

చదవకముందే చూడవలసినవి

ఇప్పుడు తునకను వస్తువుగా చూడండి. పపైరస్ అయితే ఒకవైపు నారలు అడ్డంగా, రెండోవైపు నిలువుగా ఉంటాయి. రాత నారల వెంబడి సాగిందా, నారలకు అడ్డం పడి సాగిందా అన్నది రాసుకోండి. చర్మపత్రమైతే వెంట్రుకల వైపు కాస్త ముదురు రంగులో, రోమకూపాల చుక్కలతో ఉంటుంది, మాంసం వైపు తెల్లగా, నున్నగా ఉంటుంది. రెండు వైపులా ఒకే చేతిరాత, ఒకే గ్రంథం సాగుతుంటే అది కుట్టిన పుస్తకంలోని ఆకు, అంటే కోడెక్స్; ఒక్కవైపే రాత ఉంటే చుట్ట కావచ్చు; వెనక వేరే చేతిరాతలో వేరే విషయం ఉంటే పాత కాగితాన్ని మళ్లీ వాడుకున్నారన్నమాట. తోమా సువార్త ఆరంభం ఉన్న ఆక్సిరింకస్ 654వ పపైరస్, భూముల సర్వే జాబితా వెనకవైపు రాసినది. మొదటి సంఖ్య ఇచ్చిన ఆక్సిరింకస్ పపైరస్ పైఅంచున పుట సంఖ్య 11 ఉంది. అంటే దానికి ముందు పది పుటలు ఉండేవని ఒక్క చూపులో తెలిసింది. అంచు మిగిలిందా లేదా అన్నది అందుకే ముఖ్యం. ఎడమ అంచు, కుడి అంచు, పైఅంచు, అడుగు అంచు, వీటిలో ఏవి అసలైనవో, ఏవి చిరిగినవో బొమ్మ గీసి గుర్తు పెట్టండి.

పరిమాణాన్ని కూడా తేలికగా తీసుకోవద్దు. అరచేతిలో ఇమిడే చిన్న పుస్తకాలు అపోక్రిఫాకు ఇష్టమైన రూపం. ఆక్సిరింకస్ 840వ సంఖ్యగల చర్మపత్రపు ఆకు ఎత్తు 9 సెంటీమీటర్లకు లోపే ఉన్నా అందులో 45 పంక్తులు ఇరికించారు. ఇటువంటిది మెడలో తాయెత్తుగా కట్టుకున్నదో, దారిలో చదువుకోవడానికి పెట్టుకున్నదో చెప్పడం కష్టమే అయినా, పంక్తి చిన్నదని మాత్రం ముందే తెలుస్తుంది.

సిరా వెలిసిపోయి ఉంటే పరారుణ కాంతిలో తీసిన చిత్రం అడగండి. మసి సిరా ఆ కాంతిలో నల్లగా నిలుస్తుంది. ఇనుము కలిసిన సిరా మాయమవుతుంది, దానికి అతినీలలోహిత కాంతి మేలు. మృతసముద్ర ప్రతుల అంకాత్మక గ్రంథాలయంలో పరారుణ చిత్రాలు మామూలు చిత్రాల పక్కనే ఉంటాయి.

ఉన్నది ఉన్నట్టు ఎత్తిరాయడం

ఇక్కడ ఓపిక కావాలి. గ్రంథం పేరు ఊహించకుండా, అర్థం చెప్పుకోకుండా, పంక్తికి పంక్తిగా కనిపించిన అక్షరాలను మాత్రమే ఎత్తిరాయండి. సందేహంగా ఉన్న అక్షరం కింద చుక్క పెట్టడం, చిరిగిపోయిన చోటును చతురస్ర కుండలీకరణంలో చూపడం పపైరస్ పండితుల మర్యాద. మన పాఠపరిష్కర్తలు ‘గ్రంథపాతం’ అని రాసి చుక్కలు పెట్టేదీ ఇందుకే. సందేహం ఉన్న అక్షరానికి ఒకే రూపం రాయకుండా, ‘ఇది ఎప్సిలోన్ గాని, థీటా గాని, ఓమిక్రోన్ గాని, సిగ్మా గాని కావచ్చు’ అని సాధ్యమైన రూపాలన్నీ రాసుకోండి. ఆ నాలుగూ గుండ్రటి అక్షరాలు, సగం చిరిగితే ఒకటిగానే కనిపిస్తాయి.

పదాల మధ్య ఖాళీ ఉండదు. తాళపత్రాలు చదివినవారికి ఇది కొత్త సంగతి కాదు. అక్షరాల వరుసను ఎక్కడ విరవాలన్నది చదివేవాడి బాధ్యత. వర్ణక్రమం కూడా తాళపత్రాల్లో శ, ష, స కలిసిపోయినట్టే కలిసిపోతుంది: గ్రీకులో ‘ఎయి’ రాయవలసిన చోట ‘ఇ’, ‘అయి’ రాయవలసిన చోట ‘ఎ’ రాయడం సర్వసాధారణం, ఎందుకంటే ఆ కాలానికి ఉచ్చారణ ఒకటైపోయింది. ఎత్తిరాతలో తప్పును దిద్దకండి. తప్పు కూడా తునకలో భాగమే, తరువాత లెక్కకు వస్తుంది.

క్రైస్తవ లేఖకుల చేతి గుర్తు ఒకటుంది. యేసు, క్రీస్తు, దేవుడు, ప్రభువు అనే మాటలను వారు పూర్తిగా రాయరు; మొదటి, చివరి అక్షరాలు రాసి పైన గీత గీస్తారు. ఐయోటా, సిగ్మా రెండే ఉండి పైన గీత కనిపిస్తే అది యేసు పేరు. ఏ అర్థమూ తెలియని తునకలో ఈ గీతలు కనిపిస్తే అది క్రైస్తవ రచన అని సగం తెలిసినట్టే. కాని క్రైస్తవులు నకలు చేసిన యూదు గ్రంథాల్లోనూ ఇవి ఉంటాయి కాబట్టి రచన పుట్టుకను దీన్నిబట్టి తేల్చలేము. హీబ్రూ చుట్టల్లో దేవుని నామాన్ని పాత హీబ్రూ లిపిలో వేరుగా రాసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది కనిపిస్తే తప్పక గమనించండి.

వయసు

చేతిరాతను బట్టి చెప్పే కాలానికి యాభై, నూరేళ్ల ఎడం వదలండి. ఒక్క సంవత్సరం చెప్పేవారిని నమ్మకండి. కొత్త సాక్ష్యం వస్తే కాలం జరిగిపోతుందనడానికి ఎగర్టన్ 2వ పపైరస్ మంచి ఉదాహరణ. మనకు తెలియని సువార్త ఒకదానికి చెందిన ఆ తునకలను 1935లో ప్రచురించినప్పుడు రెండో శతాబ్దపు నడిమికాలానివని అనుకున్నారు. 1987లో కొలోన్ సేకరణలో అదే ఆకుకు చెందిన మరో చిన్న ముక్క తేలింది. అందులో రెండు హల్లుల మధ్య ఒక చిన్న కొక్కెం గుర్తు ఉంది, మూడో శతాబ్దంలో గాని ఆ అలవాటు స్థిరపడలేదు. ఆ ఒక్క కొక్కెంతో ఆ వ్రాతప్రతి వయసు క్రీస్తుశకం 200 దాపుకు జరిగింది.

వెతుకులాట

ఇప్పుడు పాఠాన్ని వెతకాలి. ‘మరియు’, ‘అతడు చెప్పెను’ వంటి మాటలు ఎన్ని ఉన్నా ఉపయోగం లేదు. అరుదైన మాట ఒకటి చాలు. అరుదైన పేరు ఇంకా మేలు. కుమ్రాన్ నాలుగో గుహలోని అరామిక్ తునకల్లో ఓహ్యా, హహ్యా, మహవై వంటి పేర్లు కనిపించినప్పుడు, యూజెఫ్ మిలిక్ అనే పండితుడు వాటిని మధ్య ఆసియాలోని తుర్ఫాన్‌లో దొరికిన, మూడో శతాబ్దపు మతస్థాపకుడు మానీ అనుచరుల ‘రాక్షసుల గ్రంథం’ ముక్కలతో కలిపి చూశాడు. 1943లోనే ప్రచురితమైన ఆ పారశీక, సోగ్డియన్ ముక్కల్లో అవే పేర్లు ఉన్నాయి. మానీ తన గ్రంథాన్ని ఒక యూదు రచన నుంచి తీసుకున్నాడని అలా తెలిసింది. ఆ అరామిక్ తునకల్లో ప్రాచీన మెసపొటేమియా పురాణ వీరుడు గిల్గమేష్ పేరు కూడా ఉంది.

వెతికే వరుస ముఖ్యం. ముందుగా బైబిలును తోసిపుచ్చండి: హీబ్రూ బైబిలు, దాని ప్రాచీన గ్రీకు అనువాదమైన సెప్టువజింట్, కొత్త నిబంధన. తరువాత లౌకిక సాహిత్యం. దీన్ని చాలామంది వదిలేస్తారు. ఈజిప్టులోని నాగ్ హమ్మాదీ దగ్గర దొరికిన కోప్టిక్ గ్రంథాల ఆరవ కోడెక్స్‌లో ఒక కోప్టిక్ వ్యాసం ఏమిటో మొదట ఎవరికీ అంతుపట్టలేదు. అది ప్లేటో ‘రిపబ్లిక్’ తొమ్మిదో భాగంలోని చిన్న ఘట్టానికి వికృతమైన అనువాదమని 1974లో బయటపడింది. మతగ్రంథాల మధ్య దొరికిందని మతగ్రంథమే అనుకోవడం ఎంత సహజమో, అంత ప్రమాదం. ఆ తరువాతే అపోక్రిఫా.

గ్రీకు అయితే థెసారస్ లింగ్వే గ్రేకే అనే పాఠసంపుటిలో, పపైరస్ అయితే పపైరై డాట్ ఇన్ఫోలో, ప్రచురితమైన సాహిత్య ప్రతుల జాబితాకు లూవెన్ ప్రాచీన గ్రంథాల సమాచారనిధిలో, గెనీజా అయితే ఫ్రీడ్‌బర్గ్ గెనీజా సేకరణలో, కోప్టిక్ అయితే కోప్టిక్ స్క్రిప్టోరియంలో వెతకాలి. మామూలు పదశోధన ఇక్కడ పని చేయదు, ఎందుకంటే మీ దగ్గర ఉన్నవి పూర్తి పదాలు కావు. నేను మేలనుకునే పద్ధతి ఇది: అనుమానం ఉన్న గ్రంథాల పాఠాన్ని ఒక దస్త్రంలో పెట్టి, ఖాళీలు, స్వరచిహ్నాలు, విరామ చిహ్నాలు అన్నీ తీసేసి ఒకే పొడవాటి అక్షరాల వరుసగా మార్చండి. తరువాత మొదటి పంక్తిలో మిగిలిన అక్షరాలు, వాటి వెనుక 12 నుంచి 25 వరకు ఏవైనా అక్షరాలు, వాటి వెనుక రెండో పంక్తిలో మిగిలిన అక్షరాలు అనే నమూనా ఇచ్చి వెతకండి. ఉచ్చారణ కలిసిపోయే అక్షరాలకు రెండు రూపాలూ ఒప్పుకొనేటట్టు నమూనా రాయాలి. సందేహంగా ఉన్న అక్షరం స్థానంలో మీరు ముందే రాసుకున్న రూపాలన్నీ పెట్టండి.

మూలభాషలో ఏమీ దొరకకపోతే అనువాదాలను చూడండి. అపోక్రిఫాలో చాలా గ్రంథాలకు మూలం పోయి అనువాదమే మిగిలింది: హనోకు, జూబిలీలు సంపూర్ణంగా ఉన్నది ఇథియోపియా వారి గీజ్ భాషలోనే, రెండో బారూకు సిరియాక్‌లో, నాలుగో ఎజ్రా లాటిన్, సిరియాక్ మొదలైన భాషల్లో. అందుచేత గ్రీకు తునకను గ్రీకులో వెతికి ఊరుకుంటే నష్టపోతారు. 1927లో ‘ప్రకటన గ్రంథపు ముక్క’ అనే సాధారణమైన పేరుతో అచ్చయిన ఆక్సిరింకస్ 2069వ పపైరస్ హనోకు గ్రంథమని 1971లో మిలిక్ చెప్పేవరకు తెలియలేదు. గ్రీకులో ఆ భాగాలు వేరే ఎక్కడా లేవు, పోల్చవలసింది గీజ్ పాఠంతో. అనువాదంతో పోల్చేటప్పుడు మాటలకు బదులు విషయ క్రమాన్ని పోల్చాలి: ఎవరు, ఎక్కడ, ఎన్ని, తరువాత ఏమి జరిగింది. సంఖ్యలు, జంతువులు, రంగులు అనువాదంలో పెద్దగా మారవు.

గ్రంథమే పోయినా అందులోని మాటలు ఇతరుల రచనల్లో ఉదహరింపుగా బతికి ఉండవచ్చు. అలెగ్జాండ్రియా క్లెమెంటు, ఓరిజెను, ఎపిఫానియుసు వంటి తొలి క్రైస్తవ రచయితల రచనలను తప్పక చూడండి. తెలుగు పాఠకులకు బాగా తెలిసిన ఉదాహరణ యూదా పత్రికలోనిదే: ‘ఆదాము మొదలుకొని యేడవవాడైన హనోకు’ ప్రవచించెనని చెప్పి అక్కడ ఉటంకించిన వాక్యం హనోకు గ్రంథం మొదటి అధ్యాయంలోనిది, దాని అరామిక్ ముక్క కుమ్రాన్‌లో దొరికింది. ఇందులో తిరకాసు కూడా ఉంది. చిన్న తునకలో ఆ వాక్యం ఒక్కటే ఉంటే అది హనోకు కావచ్చు, యూదా పత్రిక కావచ్చు, దాన్ని ఉదహరించిన ప్రసంగమూ కావచ్చు.

కొలత కుదిరిందా

దీనికి ఆక్సిరింకస్ 654వ పపైరస్‌ను దగ్గరగా చూద్దాం. పంక్తుల కుడి సగం పోయింది. 1904లో గ్రెన్‌ఫెల్, హంట్ దీన్ని ప్రచురించినప్పుడు వారి దగ్గర పోల్చడానికి ఏమీ లేదు. సజీవుడైన యేసు ‘ఫలానావారితోను, తోమాతోను’ చెప్పిన మాటలు అని ఆరంభాన్ని పూరించారు. 1945లో నాగ్ హమ్మాదీ దగ్గర కోప్టిక్ తోమా సువార్త దొరికింది. దాని ఆరంభం: ‘సజీవుడైన యేసు చెప్పిన, దిదుముస్ యూదా తోమా రాసిన రహస్య వాక్యాలు ఇవి.’ ఆ వెలుగులో గ్రీకు పంక్తులను మళ్లీ పూరించి అక్షరాలు లెక్కిస్తే, మొదటి పంక్తిలో మిగిలినవి 16, పూరించినవి 15, మొత్తం 31. రెండో పంక్తిలో మిగిలినవి 13, పూరించినవి 16, మొత్తం 29. మూడో పంక్తిలో 15, 14, మొత్తం 29. మొదటి పంక్తిలో రాయసకాడు ఒక చిన్న మాటను పొరపాటున రెండుసార్లు రాశాడు. ఆ రెండు అక్షరాలూ లెక్కలో కలిపితేనే ఈ సంఖ్య. తప్పును దిద్దకుండా ఎత్తిరాయమన్నది ఇందుకే.

ఈ లెక్క ఇంకొక పని కూడా చేసింది. కోప్టిక్‌లో ఉన్న ‘దిదుముస్’ అనే మాటను గ్రీకు రెండో పంక్తిలో పెడితే ఏడు అక్షరాలు పెరిగి 36 అవుతాయి. పంక్తి అంత పొడుగు లేదు. కాబట్టి గ్రీకు ప్రతిలో ఆ మాట లేదు, ‘తోమా అని కూడా పిలిచే యూదా’ అని మాత్రమే ఉంది. కోప్టిక్ పాఠం దారి చూపింది నిజమే, కాని ఎక్కడ దాని మాట వినకూడదో పపైరస్ కొలతే చెప్పింది. మీ తునకకు కూడా ఇదే చేయండి: పూరించిన పంక్తుల పొడవుల మధ్య తేడా రెండు మూడు అక్షరాలకు మించకూడదు. ఐయోటా సన్నగా, ఓమెగా వెడల్పుగా ఉంటాయి కాబట్టి వీలైతే అదే లేఖకుడి అక్షరాలను చిత్రం నుంచి కత్తిరించి ఖాళీలో పేర్చి చూడండి, సంఖ్యకంటె అది నమ్మకమైన కొలత.

రెండో పరీక్ష వెనకవైపు. కోడెక్స్ ఆకు అయితే ముందువైపు పాఠానికి, వెనకవైపు పాఠానికి మధ్య పోయిన భాగం ముందు పుట అడుగున, వెనక పుట పైభాగాన చిరిగిన చోటులో పట్టేంత ఉండాలి, ఎక్కువా తక్కువా కాకూడదు. ఆక్సిరింకస్ 403వ పపైరస్‌లో ఒకవైపు రెండో బారూకు 12:1 నుంచి 13:2 వరకు, మరోవైపు 13:11 నుంచి 14:3 వరకు ఉన్నాయి. మధ్యలో లేని వచనాలు ఎంత స్థలం పట్టేవో లెక్కిస్తే పుట ఎత్తు వస్తుంది. ఒకవైపు మాత్రమే కుదిరి రెండోవైపు కుదరకపోతే మీ గుర్తింపు తప్పు.

కొలత కుదరనప్పుడు ఏమి జరుగుతుందో కుమ్రాన్ ఏడో గుహలోని అయిదో తునక చూపిస్తుంది. అయిదు పంక్తుల్లో ఇరవై అక్షరాల దాకా ఉన్నాయి. సందేహం లేకుండా చదవగలిగిన పూర్తి పదం ‘కై’, అంటే ‘మరియు’, ఒక్కటే. 1972లో హోసె ఓకల్లహన్ దీన్ని మార్కు సువార్త 6:52–53 అన్నాడు. అందుకు ఒక మాటలో డెల్టా స్థానంలో టౌ ఉందనుకోవాలి, సువార్తలో ఉన్న మూడు మాటలు ఈ ప్రతిలో లేవనుకోవాలి. ఇరవై అక్షరాల తునకకు ఇన్ని మినహాయింపులిస్తే ఏ గ్రంథమైనా సరిపోతుంది. అదే గుహలోని మరికొన్ని గ్రీకు ముక్కలను నారల వరుస కలిపి చూసి, హనోకు 103వ అధ్యాయంగా చదివినవారున్నారు. ఆ వాదం ఇంకా తెగలేదుగాని, నారలు కలుస్తున్నాయా అని అడగడం మాత్రం సరైన దారి.

పాఠం ఒకే గ్రంథానిదైనా వరుస వేరు కావచ్చునన్నది మరవకండి. ‘రాయి ఎత్తు, అక్కడ నన్ను కనుగొంటావు, కట్టె చీల్చు, నేనక్కడ ఉన్నాను’ అన్న వాక్యం మొదటి ఆక్సిరింకస్ పపైరస్‌లో 30వ వాక్యం వెంట వస్తుంది. కోప్టిక్‌లో అది 77వ దానిలో ఉంది, అదీ కట్టె ముందు, రాయి తరువాత.

సోదర శకలాలు

గుర్తింపు కుదిరిన తరువాత అదే ప్రతికి చెందిన ఇతర ఆకులు ఎక్కడైనా ఉన్నాయేమో చూడండి. 1896లో ఆగ్నెస్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్ అనే కవల సోదరీమణులు తూర్పుదేశాల నుంచి తెచ్చిన హీబ్రూ ఆకుల్లో ఒకదాన్ని కేంబ్రిడ్జిలో సొలొమోన్ షెక్టర్ అనే హీబ్రూ పండితుడు మే 13న చూసి, అది సీరా జ్ఞానగ్రంథం 39:15 నుంచి 40:8 వరకు అని పోల్చుకున్నాడు. శతాబ్దాలుగా మూల హీబ్రూ పాఠం కనబడని గ్రంథమది. కొద్దికాలంలోనే ఆక్స్‌ఫర్డ్ సేకరణలో 40:9 నుంచి మొదలయ్యే తొమ్మిది ఆకులు బయటపడ్డాయి, ఒకే ప్రతి రెండు నగరాల్లో ఉంది. చేతిరాత, పుటకు పంక్తుల సంఖ్య, అంచు కొలత, సిరా రంగు, ఈ నాలుగూ పోల్చి చూస్తే ఇటువంటివి పట్టుబడతాయి. పేతురు ప్రకటన గ్రంథపు రెండు చిన్న ముక్కలు ఒకటి ఆక్స్‌ఫర్డ్‌లో, ఒకటి వియన్నాలో ఉన్నా ఒకే బుల్లి పుస్తకానివని పండితులు ఇలాగే గ్రహించారు.

పేరు రాసే ముందు

మీ నిర్ణయానికి మూడు స్థాయిలు పెట్టుకోండి: గ్రంథం తేలింది, గ్రంథం ఫలానాది కావచ్చు, తెలిసిన గ్రంథాలతో పోలిక ఉంది గాని ఏ ఒక్కటీ కాదు. మూడోదాన్ని ఓటమిగా భావించి రెండోదానిలోకి నెట్టాలన్న ఆశ అందరికీ ఉంటుంది. ఫయ్యూమ్‌లో దొరికి 1885లో ప్రచురితమైన తునక మార్కు 14లోని, పేతురు యేసును ఎరుగనని చెబుతాడన్న ఘట్టానికి దగ్గరగా ఉంది, కాని మార్కు కాదు. దాన్ని ఇప్పటికీ ‘ఫయ్యూమ్ తునక’ అనే పిలుస్తున్నారు. 2023లో వెలువడిన ఆక్సిరింకస్ 5575వ పపైరస్‌లోని యేసు వాక్యాలు కొంత మత్తయితో, కొంత లూకాతో, కొంత తోమాతో కలుస్తాయి. దానికి ఆ మూడింటిలో ఏ పేరు పెట్టినా మిగతా రెండింటినీ దాచినట్టవుతుంది.

గ్రంథాలయంవారికి రాసేటప్పుడు ముందు సేకరణ సంఖ్య, చిత్రం తీసిన తేదీ, రెండు వైపుల కొలతలు ఇవ్వండి. ఆ తరువాత ఊహ కలవని ఎత్తిరాత, దాని కింద వేరుగా పూరణలతో కూడిన పాఠం, పంక్తికి ఎన్ని అక్షరాలో చూపే పట్టిక, చివరగా మీరు ప్రతిపాదించే గ్రంథం పేరు, అధ్యాయం, వచనాలు రాయండి. మీరు పరిశీలించి కాదనుకున్న గ్రంథాల పేర్లు, ఎందుకు కాదనుకున్నారో ఒక్కొక్క వాక్యంలో కలపండి. తునకను చేతితో పట్టుకొని చూసే అవకాశం మీకు లేదు కాబట్టి, చిత్రంలో సందేహంగా ఉన్న అక్షరాల జాబితా పంపి, సూక్ష్మదర్శిని కింద వాటిని సరిచూడమని అక్కడి పరిరక్షకులను అడగండి.